మూడు గీతల వదులు

పెద్దల్లుడు పొద్దున షెడ్డు తాళం తీయగానే చేసే మొదటి పని మిషను మీద అరచెయ్యి పెట్టడం. జ్వరం చూసినట్టు చూస్తాడు. ఇనుము కాబట్టి రోజూ చల్లగానే ఉంటుంది. ఊఁ అనుకుని చెయ్యి తీసేస్తాడు. ఆ తర్వాత నూనె ఎంతుందో చూసి, అద్దం తుడిచి, మెయిన్ స్విచ్ వేసి, బరమా బిగించే ఖాళీ స్పిండిల్‌ను కాసేపు మెల్లగా తిరగనిస్తాడు. ముసలి మిషను. లేస్తూనే పరిగెత్తమంటే నడుం పట్టేస్తుంది.

ఇంటిల్లిపాదీ దాన్ని పెద్దావిడ అంటారు. "నేను బతికుండగా ఇంకో పెద్దావిడేంటి" అని అత్తగారు మొదట్లో ఎదురు తిరిగింది. తర్వాత దానికి పట్టే నూనె, జరిగే సేవ, అది మొరాయించిన రోజున ఇంట్లో మగవాళ్ళు అన్నం మానేయడం చూసి, ఇంత మర్యాద తనకు పుట్టింట్లోనూ జరగలేదు, మెట్టినింట్లోనూ జరగలేదు కాబట్టి ఆ పేరు దానికే తగునని ఒప్పేసుకుంది.

ఇనుమును చెక్కి చిల్లులు వేసే కంప్యూటరు మిషను అది, మూతబడ్డ ఓ ఫ్యాక్టరీ నుంచి మామగారు కొని తెచ్చాడు. తలుపులో పట్టకపోతే షెడ్డు గోడ పగలగొట్టి లోపలికి దించారు. కాళ్ళ కింద ఇనప పలకలు వేసి, పైన రసమట్టం పెట్టి, అందులో బుడగ మధ్యకు వచ్చేదాకా మామగారు నేల మీద బోర్లా పడుకుని బోల్టులు తిప్పుతూనే ఉన్నాడు. ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళూ అప్పటికే అయిపోయాయి. కొడుకులు లేరు. "ఇద్దరికీ కలిపి ఇది" అని అల్లుళ్ళను పిలిచి చెప్పాడు. మిషనును రెండు ముక్కలు చేయడం కుదరదు కాబట్టి రోజును రెండు ముక్కలు చేశారు. పొద్దున్న పెద్దల్లుడు, మధ్యాహ్నం భోజనాల తర్వాత చిన్నల్లుడు.

తోడల్లుళ్ళిద్దరికీ మాటల్లేవు.

దానికి కారణం గాలి గొట్టం. ఒక సెలవు రోజున చిన్నల్లుడు మంచి మనసుతో వచ్చి, కంప్రెసర్ గొట్టం పట్టుకుని పెద్దావిడను నిలువునా గాలి కొట్టి శుభ్రం చేశాడు. చూడ్డానికి కొత్త పెళ్ళికూతురిలా తయారైంది. కానీ ఎగిరిన ఇనప రజనంతా పోయి, చెక్కే సామాను బిగించే టేబుల్ కింద జారుడు పట్టాల సందుల్లో దూరింది. మర్నాడు టేబుల్ కదిలితే ఇసుక నమిలిన చప్పుడు. పెద్దల్లుడు కుంచె పట్టుకుని వారమంతా ఆ రజను ఏరాడు. ఏరినంతసేపూ ఊరుకున్నవాడు, చివరి రోజున ఒక కస్టమరు ముందు, మామగారు వింటుండగా, "లారీ టైర్లకు గాలి కొట్టే చోట ఉండాల్సిన మనిషి, దారి తప్పి ఇక్కడికొచ్చాడు" అన్నాడు. చిన్నల్లుడు ఏమీ అనలేదు. ఆ రోజు నుంచీ ఏమీ అనడం లేదు.

అప్పటి నుంచి మధ్యాహ్నం పెద్దల్లుడు బయటికి వచ్చి వీధి మలుపు తిరిగేదాకా చిన్నల్లుడు ఎదురుగా ఉన్న సైకిల్ షాపు అరుగు మీద కూర్చుని, సైకిళ్ళు కొనేవాడిలా చూస్తూ ఉంటాడు. సైకిల్ షాపతను మొదట్లో ధరలు చెప్పేవాడు, తర్వాత మానేశాడు. పని గురించి ఏదైనా తెలియాలంటే అక్కచెల్లెళ్ళ ద్వారా తెలియాలి. ఆ దారి కూడా పెద్దల్లుడే మూసేశాడు. "వాడి ఊసు నా దగ్గర ఎత్తొద్దు" అని భార్యకు గట్టిగా చెప్పాడు. ఆవిడ పెళ్ళైన దగ్గర నుంచి ఆయన చెప్పిన మాటల్లో తు.చ. తప్పకుండా పాటించింది ఈ ఒక్కటే.

ఇలా సాగుతుండగా పంపుల కంపెనీ వాళ్ళ పని వచ్చింది. పంపు మూతలు. మూతకు రెండు చిల్లులు. ఆ రెండింటి మధ్య దూరం సరిగ్గా ఉండాలి, తేడా వస్తే రెండు గీతలు దాటకూడదు. గీత అంటే డయల్ అనే గడియారం లాంటి కొలత పరికరం మీద ఒక గీత. మనిషి తలవెంట్రుక మందం ఏడు గీతలుంటుంది. పని నచ్చితే ఏడాది పొడవునా ఇస్తామన్నారు. నమూనాగా చేసి పంపిన మొదటి మూతలు మూడు గీతలు తక్కువని వెనక్కి వచ్చాయి.

మూడు గీతలు ఎక్కడ పోయాయో పెద్దల్లుడికి వెంటనే తెలిసింది. టేబుల్‌ను నడిపే పెద్ద మర అరిగి, అందులో కొంచెం వదులు వచ్చింది. ఒకవైపు నడిచిన టేబుల్ వెనక్కి తిరిగేటప్పుడు, మర తిరుగుతుంది గానీ టేబుల్ కదలదు, ముసలివాళ్ళు పిలిచిన కాసేపటికి పలికినట్టు. ముసలితనానికి మందు లేదు కానీ, "ఇంత వదులుంది, కలుపుకో" అని మిషను మెమరీలో ఒక అంకె వేస్తే అదే కలుపుకుని నడుస్తుంది. పెద్దల్లుడు మూడు వేశాడు. మూత చేసి చూశాడు, సరిపోయింది. హాయిగా ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున చూస్తే నాలుగు గీతలు ఎక్కువొచ్చింది. అంకె తగ్గించాడు. సరిపోయింది. ఆ మర్నాడు మళ్ళీ ఎక్కువ. మళ్ళీ తగ్గించాడు. రెండోసారి పంపిన నమూనాల్లో కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ. పంపుల కంపెనీ చెకింగాయన వాటిని తిప్పి పంపుతూ, "ఇవన్నీ ఒకే మిషను మీద చేసినవేనా?" అని అడిగించాడు.

మామగారు షెడ్డు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంటాడు. పని మానేసి చాలా కాలమైనా చొక్కా జేబులో స్పానరు ఒకటి ఉంటుంది, కొందరి జేబులో కలం ఉన్నట్టు. ఆ స్టూలు మీద నుంచే తీర్పు చెప్పాడు.

"రేపు చెకింగాయన్ని ఇక్కడికే రమ్మన్నా. ఆయన ముందే కొలిపిస్తా. తప్పిందా, పాతినప సామాన్లవాణ్ణి కూడా రమ్మన్నా. తూకానికి ఇచ్చేస్తా. షెడ్డు మధ్యలో గోడ కట్టిస్తా. ఎవడి సగంలో వాడు కోళ్ళు పెంచుకోండి."

పాతినప సామాన్లవాడు అప్పటికే ఒకసారి వచ్చి చూసిపోయాడు. మిషను చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ఏం పని చేస్తుంది, ఎంత నిక్కచ్చిగా చేస్తుంది అని ఒక్క ముక్క అడగలేదు. కాలితో ఓసారి తట్టి, "లోపల కూడా ఇనుమేగా?" అన్నాడు.

పెద్దల్లుడికి ఆ మాట గుండెలో దిగింది. ఈ మిషను రాకముందు అతను ఇంకొకరి షాపులో చేసేవాడు. అక్కడ మంచినీళ్ళకు పోవాలన్నా చెయ్యెత్తి సూపర్‌వైజరు తలూపేదాకా నిలబడాలి. ఇప్పుడు ఈ వయసులో మళ్ళీ చెయ్యెత్తడం మొదలుపెట్టాలి. కోళ్ళంటే అతనికి మొదటి నుంచీ పడదు.

ఆ సాయంత్రం భార్య ఉతికిన బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని, గోడకు చెప్పినట్టు చెప్పాడు.

"మెమరీలో అంకె నేను సరిగ్గానే వేస్తున్నా. పొద్దున్నకల్లా దానంతటది తప్పుతోంది."

"దానంతటది ఎందుకు తప్పుతుంది? మరిది ప్రోగ్రాంలో కలుపుతున్నాడుగా" అంది ఆవిడ, దుప్పటి కొస అతని చేతికిస్తూ.

"ఏం కలుపుతున్నాడు?"

"గీతలు. మధ్యాహ్నం పూట తక్కువొస్తోందంట. రోజూ కొంచెం కలుపుతున్నాడంట. చెల్లి చెప్పింది."

"ఎప్పుడు చెప్పింది?"

"మొదటి రోజే."

పెద్దల్లుడు దుప్పటి కొస పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మెమరీ అంకెలు అతనివి, మిషను ఎటు ఎంత నడవాలో చెప్పే ప్రోగ్రాములు రాసేది చిన్నల్లుడు. ఒకరు చెయ్యిపెట్టే చోట ఇంకొకరు తొంగి కూడా చూడరు. చూస్తే తనకు తెలియక చూశాడనుకుంటారని.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"ఆయన ఊసు ఎత్తొద్దన్నారుగా" అంది ఆవిడ. "కొస సరిగ్గా పట్టుకోండి. మడత వంకరొస్తోంది."

రాత్రంతా ఆలోచించి పెద్దల్లుడు ఒక నిర్ణయానికి వచ్చాడు. తన అంకె తను తీసేస్తే, మిగిలే తప్పంతా చిన్నల్లుడిదే అవుతుంది. రేపు చెకింగాయన ముందు ఎవరి గీతలు ఎవరివో తేలిపోతాయి. పొద్దున్నే పోయి, మిషను మీద చెయ్యి పెట్టి, ఊఁ అనుకుని, మెమరీలో సున్నా వేశాడు.

పక్కవీధిలో చిన్నల్లుడి ఇంట్లో కూడా ఆ రాత్రి అవే బట్టలు, అవే మడతలు, అవే మాటలు. చిన్నల్లుడు తెల్లవారకముందే తన తాళంచెవితో షెడ్డు తీసి ప్రోగ్రాంలో తన గీతలన్నీ తీసేసి, ఏమీ ఎరగనట్టు పోయి అరుగు మీద కూర్చున్నాడు. సైకిల్ షాపు ఇంకా తెరవనే లేదు.

పెద్దల్లుడు మూత చేసి కొలిచాడు. మూడు గీతలు తక్కువ. మొట్టమొదటి రోజు తప్పే. ఇన్ని రోజులు ఇద్దరూ కలిసి పడిన కష్టమంతా కలిపితే సున్నా. అతను ప్రోగ్రాం తెరిచాడు, మొదటిసారి. అందులో కలిపినవేవీ లేవు. తలుపు దగ్గరికి వచ్చి అరుగు వైపు చూశాడు. చిన్నల్లుడు కూడా ఇటే చూస్తున్నాడు. ఇద్దరికీ అర్థమైంది. ఒకేసారి మొహాలు తిప్పుకున్నారు.

టిఫిను డబ్బా తెచ్చిన పెద్దల్లుడి భార్య ఇది చూసింది. ఆవిడకు మొదట ఏమీ అర్థం కాలేదు గానీ, మొగుడి మొహం చూసి రోడ్డు దాటి పోయింది.

"మరిదిగారూ, లోపలికి రండి. మీ అన్నయ్య రమ్మంటున్నారు."

"అన్నయ్య రమ్మన్నాడా?"

"అనలేదు. రండి."

వదులు ఎంతుందో నిజంగా కొలవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు మీటలుండే ప్యానెల్ దగ్గర నిలబడి టేబుల్‌ను గీత గీతగా నడపాలి, ఇంకొకరు వెనకవైపు వంగి, టేబుల్‌కు ఆనించిన డయల్ ముల్లు ఎప్పుడు కదులుతుందో చెప్పాలి. ప్యానెల్ దగ్గరున్న వాడికి డయల్ కనపడదు. అందుకే ఈ పని ఇన్నాళ్ళూ ఎవరూ చేయలేదు. ఒక్కడి చేత కాదు, ఇద్దరు లేరు.

పెద్దల్లుడు ప్యానెల్ దగ్గర నిలబడ్డాడు. చిన్నల్లుడు అడగకుండానే వెనక్కి పోయి డయల్ బిగించాడు. ఆవిడ మధ్యలో నిలబడింది.

"జరపమను" అన్నాడు చిన్నల్లుడు.

"జరపమంటున్నాడు" అంది ఆవిడ.

"జరిపా. కదిలిందా అడుగు."

"కదిలిందా అంటున్నారు."

"లేదను."

"లేదంట."

"ఇంకోటి జరిపా."

"ఇంకోటి జరిపారంట."

"వదినా, అది నాకు ఇక్కడికే వినపడుతోంది."

"వినపడుతోందంట" అంది ఆవిడ మొగుడితో.

"నాకూ వినపడిందే" అన్నాడు పెద్దల్లుడు.

"మరి నేనెందుకు మధ్యలో?"

పెద్దల్లుడు ఇంకోటి జరిపాడు. మూడో గీతకు ముల్లు కదిలింది. "మూడు" అన్నాడు చిన్నల్లుడు. "మూడంట" అంది ఆవిడ. మళ్ళీ చూశారు, మూడే. పెద్దల్లుడు మెమరీలో మూడు వేశాడు. ఇక ఎవరూ దేనికీ ఏదీ కలపనక్కర్లేదు.

అప్పటికి భోజనాల వేళ అయింది. చేతులు కడుక్కోవడానికి వెనక కుళాయి దగ్గరికి పోయారు. ఒకరి తర్వాత ఒకరు, సబ్బు చేతికివ్వకుండా గట్టు మీద పెట్టి. తిని వచ్చి, చెకింగాయన వచ్చేలోపు ఒక మూత చేసి చూద్దామని చేస్తే, ఐదు గీతలు తక్కువొచ్చింది.

ఈసారి ఇద్దరూ ఒకరినొకరు నేరుగా చూసుకున్నారు. ఇద్దరూ కలిసే ఉన్నారు. కలిసే తిన్నారు. తప్పు వేయడానికి ఎవరూ లేరు. ఇలాంటి ఇబ్బంది ఇద్దరికీ ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు.

చిన్నల్లుడు వెనక్కి పోయి డయల్ దగ్గర వంగాడు. పెద్దల్లుడు జరిపాడు. ఒకటి. రెండు. మూడు. ముల్లు కదల్లేదు. ఎనిమిదో గీతకు టేబుల్ ఒక్క ఉదుటున కదిలింది, తలుపు మొరాయించి ఊడివచ్చినట్టు.

"పట్టేస్తోంది" అన్నాడు చిన్నల్లుడు.

ఆవిడ చెప్పబోయి ఊరుకుంది.

"రజనా?" అన్నాడు పెద్దల్లుడు, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

చిన్నల్లుడు పట్టా సందులో వేలు పెట్టి చూశాడు. తర్వాత, "రజను కాదన్నయ్యా. ఇటొచ్చి చూడు. ఈ మర చూడు" అన్నాడు.

టేబుల్ పక్కన, అది అటూ ఇటూ ఊగకుండా బిగించి పట్టే మర ఒకటి ఉంది. మిగతా మరల తలలన్నీ జిడ్డుతో నల్లగా ఉన్నాయి. దాని తల మాత్రం మెరుస్తోంది. రోజూ ఎవరో స్పానరుతో తిప్పుతుంటేనే అలా మెరుస్తుంది.

ముగ్గురూ గుమ్మం వైపు తిరిగారు. మామగారు స్టూలు మీద వీధి వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. వీధిలో ఏమీ లేదు.

"నాన్నా" అంది పెద్ద కూతురు.

"నేనేం ముట్టుకోలేదు."

"జేబులో స్పానరుకు నూనె ఉంది నాన్నా. చొక్కాకు కూడా అంటింది."

మామగారు చొక్కా చూసుకున్నాడు. "కొంచెం బిగించా. వదులైందని మీ అక్కచెల్లెళ్ళిద్దరూ వచ్చి చెప్పలా నాకు? మీ మొగుళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోరు, దాని సంగతి చూసేవాడెవడు? మధ్యాహ్నం మీరంతా భోజనానికి పోయినప్పుడు బిగిస్తున్నా. సాయంత్రం మూలుగుతుంటే జాలేసి వదులు చేస్తున్నా."

"రోజూనా?"

"మరి మందు ఒక్కరోజు వేసి మానేస్తారా?"

పెద్దల్లుడు లెక్క వేసుకున్నాడు. మధ్యాహ్నం మామగారు బిగిస్తే టేబుల్ పట్టేసి తక్కువొస్తుంది. చిన్నల్లుడు ప్రోగ్రాంలో కలుపుతాడు. సాయంత్రం మామగారు వదులు చేస్తాడు. పొద్దున్నకు ఎక్కువొస్తుంది. తను మెమరీలో తగ్గిస్తాడు. ముగ్గురూ కష్టపడే మనుషులే. ఎవరి పని వాళ్ళు శ్రద్ధగా చేశారు. పెద్దావిడ ఒక్కతే ఏ తప్పూ చేయలేదు, చెప్పినవన్నీ చేసింది.

"మామయ్యా, చెకింగాయన వచ్చే వేళైంది" అన్నాడు. "ఆ స్పానరు ఇటివ్వండి."

మామగారు ఇవ్వలేదు. పెద్ద కూతురే వెళ్ళి జేబులోంచి తీసుకుంది. పిల్లాడి చేతిలోంచి చాకు తీసుకున్నట్టు.

చిన్నల్లుడు మరను వదులు చేసి, చేత్తో టేబుల్‌ను కదిపి చూసి, కొద్దిగా బిగించాడు. పెద్దల్లుడు కూడా కదిపి చూశాడు. "ఇంకో పావు" అన్నాడు. చిన్నల్లుడు పావు బిగించాడు. మళ్ళీ వదులు కొలిచారు. మూడు. మూత చేస్తుండగానే చెకింగాయన బ్యాగుతో దిగాడు. ఆయన వెనకే పాతినప సామాన్లవాడు, తోపుడు బండి కాదు, ఏకంగా క్రేనుతో వచ్చాడు.

చెకింగాయన పొడి మనిషి. మంచినీళ్ళిస్తే వద్దన్నాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మూత వేడిగా ఉందని బల్ల మీద పెట్టి, అది చల్లారేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాడు. పెద్దల్లుడు కూడా దాన్నే చూస్తూ నిలబడ్డాడు. బయట క్రేను ఇంజను ఆపకుండా ఉంచారు. చివరికి ఆయన కొలిచాడు. తిప్పి కొలిచాడు. తన పరికరం మీద అనుమానం వచ్చినట్టు దాన్ని తుడిచి మళ్ళీ కొలిచాడు.

"అర గీత" అన్నాడు.

"ఎక్కువా తక్కువా?" అన్నారు తోడల్లుళ్ళిద్దరూ ఒకేసారి.

"ఏదైతే ఏం, రెండు దాకా పరవాలేదు." మూతను జేబులో వేసుకున్నాడు. "ఇదే చెయ్యి మీద మిగతావి చేయండి. వచ్చే వారం నుంచి ముడి మూతలు పంపిస్తాం. ఆ ముందు పంపినవి మాత్రం ఎవరు చేశారు?"

"మేమే" అన్నాడు చిన్నల్లుడు.

క్రేనువాడిని ఉత్త చేతులతో పంపడం బాగోదని, తిరిగొచ్చిన మూతలన్నీ, గోతాల్లో నింపి ఉన్న రజనూ వాడికే ఎత్తించారు. ఇంత తక్కువ బరువుకు ఇంత పెద్ద క్రేను తెచ్చినందుకు వాడు చాలాసేపు బాధపడ్డాడు. పోతూ పోతూ పెద్దావిడను ఇంకోసారి కాలితో తట్టబోయాడు. పెద్దల్లుడు వాడి కాలుకూ మిషనుకూ మధ్య వచ్చి నిలబడ్డాడు.

తోడల్లుళ్ళు ఇంటి దగ్గర ఇప్పటికీ మాట్లాడుకోరు. మధ్యాహ్నం చేతులు మారేటప్పుడు మాత్రం ఇద్దరూ షెడ్డులోనే ఉంటారు. డయల్ పెట్టి చూస్తారు. "మూడు" అంటాడు పెద్దల్లుడు. "మూడే" అంటాడు చిన్నల్లుడు, తన కంటితో చూశాకే. అంతే. ఒకసారి చిన్నల్లుడు "మూడున్నర" అన్నాడు. ఆ రోజు ఇద్దరూ దాదాపు గంటసేపు మాట్లాడుకున్నారని, అందులో కొంత గాలి గొట్టం గురించి కూడా ఉందని సైకిల్ షాపతను చెబుతాడు. అరుగు ఖాళీ అయ్యాక అతనికీ తోచడం లేదు.

మామగారికి స్పానరు తిరిగివ్వలేదు. ఆయన ఇప్పుడు స్క్రూడ్రైవరు పట్టుకుని ఇంట్లోనే ఉంటున్నాడు. ఇంట్లో ఏ తలుపూ సరిగ్గా తెరుచుకోవడం లేదని అత్తగారు అంటోంది.